కోట కట్టిన మహారాజు... మన రుద్రమ్మ

కోట అనగానే మనకు ముందు గుర్తొచ్చేది రాజుగారు. ఆయన గుర్రం, ఆయన కత్తి, ఆయన దర్బారు. రాణీగారు ఎక్కడో అంతఃపురంలో, కిటికీ చాటున, చెలికత్తెల మధ్య ఉంటారు. పిల్లలకు మనం చెప్పే కథల్లోనూ అంతే, చూసే సినిమాల్లోనూ చాలావరకు అంతే. కానీ మన తెలుగు నేల మీద ఒక పెద్ద కోటకు రాతిగోడ ఎత్తు పెంచి, దాని చుట్టూ మరో మట్టిగోడ పోయించి, ఆ గోడ చుట్టూ కందకం తవ్వించి, లోపల కూర్చుని ఇరవై ఏడేళ్లు రాజ్యం ఏలింది ఒక ఆడది అంటే ఆలోచించండి! ఆమెకు పెళ్లయింది. కూతుళ్లున్నారు. మనవడున్నాడు. అయినా ఎన్నో శాసనాల్లో ఆమెది మగపేరు. రుద్రదేవ మహారాజు! మనందరికీ తెలిసిన రాణీ రుద్రమదేవి ఆవిడే.

మాది తిరువూరు. పాత లెక్కలో కృష్ణా జిల్లా, 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా. కాస్త దాటితే తెలంగాణ. విజయవాడ వెళ్లే దారిలో కొండపల్లి ఖిల్లా తగులుతుంది. ఇటు తిరిగి వెళితే ఖమ్మం ఖిల్లా. రెండు కోటల మధ్య కాపురం మాది! సెలవులొస్తే పిల్లల్ని వెంటేసుకుని కోటలు చూసి రావడం మా ఇంట్లో అలవాటు. మావారికి ఫొటోలు కావాలి. పిల్లలకు మెట్లెక్కడం, దిగడం కావాలి. నాకు మాత్రం ఆ గోడల మధ్య బతికిన ఆడవాళ్లు కావాలి. కథలు రాసుకునేదాన్ని కదా... వీళ్ల వంటిల్లు ఎక్కడుండేదో, నీళ్లు ఎక్కణ్నుంచి మోసేవాళ్లో, పురుళ్లు ఎక్కడ పోసేవాళ్లో అని వెతుక్కుంటూ తిరుగుతాను. అలా వెతుకుతూ ఓరుగల్లు దాకా వెళ్లాక దొరికిన మనిషి రుద్రమ్మ. తెలుసుకున్నకొద్దీ ఇంకా తెలుసుకోవాలనిపించే మనిషి.

కొడుకుల్లేని ఇల్లు

రుద్రమ్మ తండ్రి కాకతీయ గణపతిదేవుడు. కుర్రతనంలో ఆయన దేవగిరి యాదవ రాజుల చేతిలో బందీగా ఉన్నాడు. వాళ్లు వదిలిపెట్టాక 1199లో ఓరుగల్లు సింహాసనం ఎక్కాడు. అక్కణ్నుంచి అరవై ఏళ్లకు పైగా ఏలాడు. అంతకుముందు ఓరుగల్లు చుట్టుపక్కలకే పరిమితమైన రాజ్యాన్ని సముద్రం దాకా తీసుకొచ్చాడు. మన దివిసీమ ఆడపడుచులు నారమ్మ, పేరమ్మలను పెళ్లాడాడు. వాళ్ల అన్న జాయప సేనాని యుద్ధాలూ చేశాడు, నాట్యం మీద నృత్తరత్నావళి అనే గ్రంథమూ రాశాడు.

ఇంత రాజ్యం, ఇంత సంపద ఉన్న ఆ ఇంట్లో ఒకటే లోటన్నారు లోకులు. కొడుకుల్లేరు! ఉన్నది కూతుళ్లు. ఈ మాట మనకు కొత్తా? మన వీధుల్లో ఇప్పటికీ వినిపిస్తుంది కదా. ఇద్దరూ ఆడపిల్లలేనా అని నిట్టూర్చే బంధువులు ఏ ఊళ్లో లేరు చెప్పండి.

గణపతిదేవుడు అన్నదమ్ముల పిల్లల కోసమో, దూరపు చుట్టాల పిల్లాడి కోసమో చూడలేదు. కూతురికే రాజ్యం ఇవ్వాలనుకున్నాడు. ధర్మశాస్త్రాల్లో ఒక పద్ధతి ఉంది. కొడుకుల్లేని తండ్రి కూతుర్ని పుత్రికగా, అంటే కొడుకు స్థానంలో, నిలబెట్టుకోవచ్చు. ఆమెకు పుట్టిన బిడ్డ ఆ వంశాన్ని నిలుపుతాడు. గణపతిదేవుడు ఆ దారే పట్టాడని చరిత్రకారులు చెబుతారు. కూతురికి రుద్రదేవుడు అనే పేరు వచ్చింది. అది కొత్త పేరు కూడా కాదు, హనుమకొండలో వేయిస్తంభాల గుడి కట్టించిన ఆయన పెదతండ్రి పేరు. ఇంటి పెద్ద పేరు మనవడికి పెట్టుకున్నట్టు, ఆ పేరు ఈ పిల్లకు వచ్చింది.

ఆలోచిస్తే ఇందులో సంతోషమూ ఉంది, గుచ్చుకునే ముల్లూ ఉంది. తండ్రి కూతుర్ని నమ్మాడు, అది సంతోషం. కానీ ఆ కూతురు కూతురిగానే సింహాసనం ఎక్కడానికి దారి లేదు. ముందు కొడుకు కావాలి, ఆ తర్వాతే రాజు కావాలి!

మేనత్తలు, తోబుట్టువు

ఆ ఇంటి ఆడవాళ్లు మాత్రం తక్కువ వాళ్లేం కాదు. రుద్రమ్మ మేనత్త మైలమ్మను మధిర పరిసరాల నతవాడి సీమ రాజుకిచ్చారు. మధిర అంటే మా తిరువూరుకి పొరుగే. ఆ మైలమ్మ బయ్యారంలో పెద్ద చెరువు తవ్వించింది. దాని గట్టున వేయించిన శాసనంలోనే కాకతీయుల వంశవృక్షం దొరికింది. అంటే కాకతీయుల ముత్తాతల పేర్లు ఇవాళ మనకు తెలిశాయంటే, పుట్టింటి మీద మమకారంతో ఆ ఆడపడుచు రాయి మీద చెక్కించడం వల్లే!

రుద్రమ్మ తోబుట్టువు గణపమదేవి. ఆమెను ధరణికోట ఏలే కోట బేతరాజుకిచ్చి చేశారు. భర్త పోయాక గణపమదేవి ఆ సీమను తానే పాలించింది. ఒక తండ్రికి పుట్టిన ఇద్దరు కూతుళ్లు, ఒకరు పుట్టింటి రాజ్యాన్ని, ఒకరు మెట్టినింటి రాజ్యాన్ని ఏలారు.

రుద్రమ్మను నిడదవోలు చాళుక్యుల అబ్బాయి వీరభద్రుడికిచ్చి పెళ్లి చేశారు. ఆమె కూతుళ్లలో ముమ్మడమ్మ, రుయ్యమ్మల పేర్లు చరిత్రలో నిలిచాయి. ముమ్మడమ్మ కొడుకే ప్రతాపరుద్రుడు. రుయ్యమ్మను మంత్రి ఇందులూరి అన్నయ్యకిచ్చారు. రుద్రమ్మ కూడా తన తండ్రి దారిలోనే నడిచింది. కొడుకు లేడు కాబట్టి కూతురి కొడుకును వారసుడిగా తెచ్చుకుంది.

గద్దె మీద ముళ్లు

1260 ప్రాంతానికి తండ్రీకూతుళ్లు కలిసి రాజ్యం చూసుకుంటున్నారు. 1262 నుంచి ఆమె రాజ్యకాలం లెక్కపెడతారు. పట్టం చేతికి వచ్చిన వేళ బొత్తిగా మంచిది కాదు. దక్షిణాన పాండ్యరాజు జటావర్మ సుందర పాండ్యుడు దండెత్తి వచ్చి, నెల్లూరు దగ్గర ముత్తుకూరులో కాకతీయ సైన్యాన్ని చావుదెబ్బ కొట్టాడు. నెల్లూరు చేజారింది. ముసలి రాజు మనసు విరిగింది. తూర్పున కళింగ గాంగులు, పడమట దేవగిరి యాదవులు... నాలుగు వైపులా ఇంట్లో దీపం ఎప్పుడారుతుందా అని చూసేవాళ్లే. ఇంటి లోపల మాత్రం సుఖమా? ఆడదాని మాట మనం వినడమేంటని సామంతులు కొందరు తిరగబడ్డారని తర్వాతి కాలపు ప్రతాపచరిత్ర చెబుతుంది.

అలాంటప్పుడు ఆమె ఏంచేసింది? తనను నమ్మినవాళ్లను దగ్గరికి తీసింది. రేచెర్ల ప్రసాదిత్యుడు, కాయస్థ జన్నిగదేవుడు, గోన గన్నారెడ్డి వంటివాళ్లు అండగా నిలబడ్డారు. మనలో చాలామందికి ఈ గన్నారెడ్డి పేరు అడివి బాపిరాజుగారి నవల వల్ల పరిచయం. పుట్టుకతో గొప్ప వంశం కాకపోయినా పనితనం ఉన్నవాళ్లను ఆమె నాయకులుగా పైకి తెచ్చిందని చరిత్రకారులు అంటారు. ఫలానా సీమ ఆదాయం నువ్వు తీసుకో, అందుకు ఇంత సైన్యాన్ని పోషించి పిలిచినప్పుడు రా అనే ఏర్పాటు అది. నాయంకర పద్ధతి అంటారు. ఆమె కాలంలో వేళ్లూనుకున్న ఆ పద్ధతి మనవడి కాలానికి బాగా పెరిగింది. తర్వాత విజయనగరం వాళ్లకూ అలాంటి పద్ధతే పనికొచ్చింది. చుట్టాలు మొహం చాటేసినప్పుడు ఇరుగుపొరుగే దిక్కవుతారని మనకు తెలియదా? రాజ్యమైనా అంతే కాబోలు.

యాదవ మహాదేవుడు దండెత్తి వచ్చినప్పుడు ఆమె సైన్యం అతన్ని తరిమి కొట్టింది. దేవగిరి దాకా వెంటపడిందని ప్రతాపచరిత్ర అంటుంది. ఆ పుస్తకం చెప్పేవన్నీ నమ్మాలని లేదు. కానీ బీదరు కోటలో ఆమె సామంతుడి శాసనం దొరికింది కనుక, ఆ వైపు ఆమె చెయ్యి పడిన మాట నిజం. ఒకప్పుడు తండ్రిని బందీగా ఉంచుకున్న దేవగిరి వాళ్లను కూతురు వెనక్కి నెట్టింది!

మట్టిగోడ మహిమ

ఇక కోట సంగతి. ఖమ్మం ఖిల్లా ఊరి నడుమ కొండ మీద ఉంటుంది. ఎక్కితే ఊరంతా కనిపిస్తుంది. కొండపల్లీ అంతే, కొండే సగం కోట. ఓరుగల్లు అలా కాదు. చదునైన నేల. శత్రువును ఆపడానికి అక్కడ కొండ లేదు. కాబట్టి మనిషే కొండను కట్టాలి.

తిరువూరు నుంచి ఖమ్మం దాకా బస్సు, అక్కణ్నుంచి వరంగల్‌కి రైలు. స్టేషన్లో దిగి ఆటో ఎక్కితే కాసేపటికే కోట. వెళ్లేటప్పుడు దారిలో ఒక మట్టిదిబ్బ కనిపిస్తుంది. పచ్చగా గడ్డి, అక్కడక్కడా మేకలు. చాలామంది దాన్ని చెరువుగట్టు అనుకుని దాటేస్తారు. అదే రుద్రమ్మ పోయించిన మట్టికోట! దాని అడ్డకొలత ఒకటిన్నర మైళ్లు, అంటే దాదాపు రెండున్నర కిలోమీటర్లు. చుట్టూ తిరిగి రావాలంటే ఏడు కిలోమీటర్లు దాటి నడవాలి. దాని బయట కందకం వెడల్పు 150 అడుగులు. దాటుకుని లోపలికి వెళితే రాతికోట వస్తుంది. గణపతిదేవుడి కాలం నాటి ఆ గోడను కూతురు 20 అడుగుల ఎత్తుకు పెంచింది. పెద్ద పెద్ద రాళ్లను సున్నం లేకుండా ఒకదానిమీద ఒకటి పేర్చిన గోడ అది. దానికి 45 బురుజులు. లోపలి వైపు గోడ పొడుగునా మెట్లు కనిపిస్తాయి. శత్రువు ఏ వైపు వచ్చినా సైనికులు ఎక్కడికక్కడ గబగబా పైకి ఎక్కేయొచ్చు. గుమ్మాలు తిన్నగా ఉండవు. లోపలికి వెళ్లినవాడు మలుపు తిరగాలి, మళ్లీ తిరగాలి. గుర్రాలైనా ఏనుగులైనా ఆ మలుపుల్లో వేగం తగ్గించక తప్పదు. పై నుంచి వాళ్ల పని పట్టడం తేలిక.

మా అత్తయ్యగారు ఆ మలుపులు చూసి, పూర్వం మా ఇళ్లల్లో కూడా వీధి గుమ్మంలోంచి వంటిల్లు కనబడకుండా కట్టేవాళ్లమ్మా అన్నారు. నాకు ఆ పోలిక భలే నచ్చింది.

రాతిగోడ ఉండగా మట్టిగోడ ఎందుకన్నది మా అమ్మాయి సందేహం. రాయి దెబ్బ తింటే పగులుతుంది. దిమ్మిస కొట్టిన మట్టి ఆ దెబ్బను తనలోకి తీసేసుకుంటుంది. పైగా కందకం తవ్విన మన్నే గోడకు సరిపోతుంది. ఇల్లు దిద్దుకునే మనిషి లెక్క అది! ఆ లెక్క ఎంత గట్టిదో ఆమె పోయాక తెలిసింది. 1310లో ఢిల్లీ సుల్తాను సేనాని మాలిక్ కాఫూర్ ఓరుగల్లును ముట్టడించాడు. ఆ యుద్ధం గురించి రాసిన కవి అమీర్ ఖుస్రో శత్రుపక్షం వాడు. ఆయన కూడా ఈ మట్టిగోడ గట్టిదనాన్ని ఒప్పుకున్నాడు. ఉక్కు ఈటె దిగలేదని, విసిరిన రాళ్లు వెనక్కి ఎగిరిపడ్డాయని వర్ణించాడు. చివరికి మట్టికోట వాళ్ల చేతికి చిక్కినా, రాతికోటలోకి రాకముందే ప్రతాపరుద్రుడు సంధి చేసుకున్నాడు. అమ్మమ్మ కట్టిన గోడ మనవడికి అలా ఊపిరి తీసుకునే వ్యవధి ఇచ్చింది.

రాతికోట నడిమధ్యన స్వయంభూ దేవుడి గుడి శిథిలాలు, నాలుగు వైపులా నాలుగు కీర్తితోరణాలు ఉన్నాయి. 2014లో తెలంగాణ రాష్ట్రం వచ్చినప్పుడు రాజముద్రలో పెట్టుకున్నది ఈ తోరణాన్నే. ఆ గుడికి రంగమండపం కట్టించింది రుద్రమ్మే. అక్కడ దొరికిన శిల్పాల్లో ఒక స్త్రీ సింహం మీద కూర్చుని కత్తీ డాలూ పట్టుకుని ఉంటుంది. పక్కన ఏనుగు తొండంతో తామరపువ్వు పట్టుకుని ఉంటుంది. రుద్రమ్మ బిరుదు రాయగజకేసరి. అంటే శత్రురాజులనే ఏనుగుల పాలిటి సింహం. శాసనంలో మగపేరు పెట్టుకున్న మనిషి, శిల్పంలో మాత్రం ఆడమనిషిగానే కూర్చుంది!

పురిటి వైద్యానికి ఊళ్ల ఆదాయం

రుద్రమ్మ అంటే కత్తి, గుర్రం అనే చెబుతారు. నాకు మాత్రం ఆమెలో అన్నిటికంటే ఇష్టమైన పని గుంటూరు వైపు మల్కాపురంలో ఉన్న ఒక రాయి మీద ఉంది. ఆ శాసనం 1261 నాటిది. తండ్రి మాట ఇచ్చిన మందడం ఊరిని, దాంతోపాటు వెలగపూడిని, రుద్రమ్మ విశ్వేశ్వర శివాచార్యుల వారికి దానం చేసింది. ఇవాళ ఆంధ్రప్రదేశ్ సచివాలయం ఉన్న వెలగపూడే అది.

ఆ ఊళ్ల ఆదాయాన్ని మూడు భాగాలు చేశారు. ఒక భాగం గుడికి. రెండోది మఠానికి, చదువుకునే పిల్లలకు. మూడో భాగం అన్నసత్రానికి, ఆరోగ్యశాలకు, ప్రసూతిశాలకు. చదివారా? ప్రసూతిశాల! ఏడొందల అరవై ఏళ్ల క్రితం, పురుడు పోయడానికి విడిగా ఒక చోటు, దానికి ఖర్చుకు ఏటేటా వచ్చే రాబడి. పురుడంటే ఆడవాళ్ల గొడవ, ఏ మూలగదిలోనో చూసుకుంటారులే అని వదిలేయలేదు. నెలలు నిండిన మనిషికి ప్రాణం మీదికొచ్చే రాత్రి ఎలా ఉంటుందో కన్నతల్లికి తెలుసు. ఆ దానం వెనక ఎవరి ఆలోచన ఎంతుందో రాయి చెప్పదు. కానీ దానం ఇచ్చిన చెయ్యి మాత్రం పిల్లల్ని కన్న ఆడదానిది. నాకు అది చాలు.

వెనిస్ వ్యాపారి విన్న కబురు

రుద్రమ్మ కబురు ఇటలీ దాకా వెళ్లిందంటే వింతగా ఉంటుంది. వెనిస్ నగరానికి చెందిన మార్కో పోలో చైనా నుంచి తిరిగి వెళ్తూ 1290 తర్వాత మన దక్షిణాది తీరాల మీదుగా సాగాడు. ఇంటికి చేరాక జైల్లో పడి, 1298లో అక్కడే తోటి ఖైదీకి తన ప్రయాణాలన్నీ చెప్పి రాయించాడు. అందులో మోటుపల్లి రాజ్యం గురించి ఉంది. చిన్నగంజాం దగ్గర సముద్రపు ఒడ్డున ఉన్న రేవు అది. ఓడలు మునిగితే సరుకు లాక్కోబోమని గణపతిదేవుడు అక్కడ వర్తకులకు అభయమిస్తూ శాసనం వేయించాడు. ఆ రాజ్యంలో వజ్రాలు, సాలెగూడులాంటి సన్నని బట్టలు ఉంటాయని, దాన్నో రాణి నలభై ఏళ్లుగా న్యాయంగా, శాంతిగా ఏలిందని, ప్రజలు ఆమెను ఎంతో ఇష్టపడ్డారని మార్కో పోలో చెప్పాడు. అయితే ఆమెను చనిపోయిన రాజుగారి భార్య అనుకున్నాడు. రుద్రమ్మ రాజుగారి కూతురు. అతను ఇటు వచ్చేసరికి ఆమె లేదు కూడా. రేవుల్లో విన్నదే చెప్పి ఉంటాడు. రాజ్యం ఏలే ఆడది అనగానే ఆ రోజుల్లో ఎవరి మనసుకైనా తోచేది భర్త పోయిన రాణే కాబోలు. కూతురికి రాజ్యం రావడం ఊహకందలేదు!

అతని దేశంలోనూ అప్పుడు కోటల కాలమే. టస్కనీ ప్రాంతంలో మాంటెరిజోని అనే చిన్న ఊరుంది. ఒక గుట్ట మీద గుండ్రంగా గోడ, దాని మీద 14 బురుజులు. సియెనా నగరం వాళ్లు దాన్ని కట్టడం మొదలుపెట్టింది 1213 ప్రాంతంలో, అంటే మన గణపతిదేవుడి కాలంలో. ఆ గోడ లోపల ఇప్పటికీ జనం కాపురాలున్నారు. దాన్ని చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో యాత్రికులు వస్తారు. మన ఓరుగల్లు కోటా అంతే. రాతిగోడ లోపల ఊరుంది, ఇళ్లున్నాయి, బడికెళ్లే పిల్లలున్నారు, గోడకూ గోడకూ మధ్య పొలాలున్నాయి. మాంటెరిజోని గోడ చుట్టుకొలత అరకిలోమీటరు పైచిలుకు. మన మట్టికోటలో అలాంటివి ఎన్ని పడతాయో!

అదే ఇటలీలో రుద్రమ్మకు రెండువందల ఏళ్ల ముందు మటిల్డా అనే ఆడపిల్లకు తండ్రి ఆస్తిగా టస్కనీ, దాంతోపాటు ఎన్నో కొండకోటలు వచ్చాయి. ఆమెకు కనోసా అనే చోట కొండకొమ్మున కోట ఉండేది. 1077 జనవరిలో జర్మనీ రాజు నాలుగో హెన్రీ, పోపుగారి క్షమాపణ కోసం ఆ కోట గుమ్మం బయట మూడురోజులు మంచులో నిలబడ్డాడు. లోపల పోపుగారికి ఆశ్రయమిచ్చి కూర్చుంది మటిల్డా. ఆడదానికి కోట ఉంటే రాజులు కూడా గుమ్మం బయట నిలబడాల్సిందే! ఆమె పేరు మటిల్డాగానే మిగిలింది. మన రుద్రమ్మకు రాజ్యం దక్కింది కానీ పేరు కోసం మగవేషం వేయాల్సొచ్చింది.

చందుపట్ల రాయి

కాయస్థ జన్నిగదేవుడు రుద్రమ్మకు నమ్మకస్తుడని చెప్పుకున్నాం కదా. అతని తర్వాత అతని తమ్ముడు అంబదేవుడు ఆ సీమకు పెద్ద అయ్యాడు. అతనిది వేరే దారి. తిరగబడి సొంతంగా ఏలుకోవడం మొదలుపెట్టాడు. అప్పటికి రుద్రమ్మ మనవడు పెద్దవాడయ్యే వయసులో ఉంది. మన ఇళ్లల్లో అయితే ఆ వయసులో ఒత్తులు చేసుకుంటూ కూర్చోమంటాం. ఆమె మాత్రం యుద్ధానికి బయల్దేరిందంటారు.

ఆమె ఎప్పుడు పోయిందో చాలాకాలం సరిగ్గా తెలియలేదు. 1295 దాకా ఏలిందని పుస్తకాల్లో రాసేవారు. నల్గొండ జిల్లా చందుపట్లలో దొరికిన ఒక శాసనం ఆ లెక్క మార్చింది. 1289 నవంబరు 27 నాటిది. పువ్వుల ముమ్మడి అనే అతను, రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకానికి వెళ్లారని, వాళ్ల పుణ్యం కోసం ఆ ఊరి గుడికి భూమి ఇస్తున్నానని చెక్కించాడు. సేనాని, రాణి ఒకేసారి పోయారంటే అది యుద్ధంలోనే, అంబదేవుడితో పోరులోనే అయి ఉండాలని చరిత్రకారుల అంచనా. ఓ పెద్ద రాజ్యాన్ని ఏలిన మనిషి చావు కబురును మనదాకా తెచ్చింది ఏ ఆస్థానకవీ కాదు, ఒక పల్లెలో ఒక మామూలు మనిషి వేయించిన రాయి.

ఆ తర్వాత ప్రతాపరుద్రుడు రాజయ్యాడు. 1323లో ఢిల్లీ సైన్యం ఓరుగల్లును గెలుచుకుని అతన్ని బందీగా పట్టుకెళ్లింది. కాకతీయ రాజ్యం అక్కడితో ముగిసింది. గోడలు మాత్రం మిగిలాయి.

కూతురు కూతురిగానే

ఇదంతా ఎప్పటి సంగతో కదా అనిపించవచ్చు. కానీ రుద్రమ్మ ఎదుర్కొన్న ప్రశ్న మన ఇళ్లల్లో ఇంకా కూర్చునే ఉంది. తండ్రి ఆస్తి కూతురికి ఏ హక్కుతో వస్తుంది? మన రాష్ట్రంలో హిందూ వారసత్వ చట్టాన్ని 1986లో సవరించి, 1985 సెప్టెంబరు 5 నుంచి, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కు ఇచ్చారు. దేశమంతటికీ, పెళ్లయిన కూతుళ్లకు కూడా, ఆ హక్కు 2005లో వచ్చింది. అంటే చట్టం ప్రకారం ఇవాళ ఏ కూతురూ పుత్రికగా మారక్కర్లేదు. మగపేరు పెట్టుకోనక్కర్లేదు. కూతురు కూతురిగానే వారసురాలు.

కానీ జరుగుతున్నదేంటి? అన్నదమ్ములతో మాటలు పోతాయేమో, పుట్టింటి గుమ్మం మూసుకుపోతుందేమో అన్న భయంతో ఎంతమంది ఆడపిల్లలు హక్కు వదులుకుంటూ సంతకాలు పెట్టడం లేదు? పసుపు కుంకుమల కింద చీర పెడితే కళ్లు తుడుచుకుని వచ్చేస్తున్నారు. నాకు తెలిసిన ఒకావిడ, పొలం కాగితాల మీద సంతకం పెట్టి వచ్చిన సాయంత్రం, నాన్నగారుంటే ఏమనేవారో అని మాత్రం అంది. ఎవర్నీ తప్పుపట్టలేదు. ఆ మాట నాకు చాలాకాలం వినిపిస్తూనే ఉంది. గణపతిదేవుడి లాంటి తండ్రి ఉండటం ఒక అదృష్టం. ఆ తండ్రి లేని రోజున కూడా కూతురి వాటా కూతురికి ఉండటం న్యాయం. అదృష్టానికీ న్యాయానికీ తేడా ఉంది.

ఈ సెలవుల్లో వీలైతే పిల్లల్ని తీసుకుని ఓరుగల్లు కోటకు వెళ్లి రండి. పొద్దున్నే వెళితే ఎండ తగలదు. ఓపిక చేసుకుని తోరణాల దగ్గరే ఆగిపోకుండా, రాతిగోడ మెట్లెక్కండి. మట్టికోట దగ్గర ఆటో ఆపించి దిగండి. గడ్డి మొలిచిన ఆ దిబ్బను పిల్లలకు చూపించి, దీన్ని కట్టించింది ఎవరో చెప్పండి. చెప్పేటప్పుడు రుద్రదేవ మహారాజు అని కాదు, గణపతిదేవుడి కూతురు రుద్రమ్మ అని చెప్పండి.